రాణుల వరుస మారింది

కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ 1973లో వెలువరించిన 'ది సిక్స్ వైవ్స్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్' ఆల్బమ్‌లో కథ చెప్పే గాయకుడు లేడు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ పెళ్లాడిన ఆరుగురి పేర్లతో ఆరు రచనలున్నాయి. భారమంతా పియానో, హామండ్ ఆర్గన్, మెలోట్రాన్, మూగ్ సింథసైజర్ల మీదే. చరిత్రను ఎత్తుకున్న ప్రోగ్రెసివ్ రాక్‌లో దీన్ని నేను ముందు వరుసలో నిలబెడతాను, ఎందుకంటే ఆ రాణులను గుర్తుపెట్టుకునే పద్ధతినే ఇది కదిలించింది. ఇంగ్లండులో పిల్లలు వాళ్లను ముగింపుల వరుసలో బట్టీపడతారు: ఎవరికి విడాకులు, ఎవరికి శిరచ్ఛేదం, ఎవరు బతికి బయటపడ్డారు. వేక్‌మన్ ఆ వరుసను చెరిపేశారు. మొదటి భార్య ఆరగాన్ కేథరిన్ వెంటనే నాలుగో భార్య క్లీవ్స్ ఆన్ వస్తుంది. రెండో భార్య ఆన్ బొలీన్ ఐదో చోట వినిపిస్తుంది. ఒకరి పతనం మరొకరి పెళ్లికి దారి అనే గొలుసు తెగి, ఒక్కొక్కరూ విడిగా నిలబడతారు.

సాహిత్యం లేనప్పుడు ఈ పేర్లు ఉత్త చీటీలే, అటూ ఇటూ మార్చి అతికించినా తేడా తెలియదు అనేది గట్టి ఆక్షేపణే. కొంత నిజం కూడా. ఐదో భార్య కేథరిన్ హోవర్డ్ పేరిట ఉన్న రచనకు పేరు మార్చినా నాకు అభ్యంతరం ఉండదు. మూడో భార్య జేన్ సీమోర్ దగ్గర మాత్రం ఆ వాదం నిలవదు. దానికోసం వేక్‌మన్ లండన్‌లోని సెయింట్ గైల్స్ క్రిపుల్‌గేట్ చర్చిలో పైపు ఆర్గన్ వాయించారు. కొడుకును కన్న 12 రోజులకే 1537లో కన్నుమూసిన రాణికి ఆ రాతి గోడల ప్రతిధ్వని తగినది. క్లీవ్స్ ఆన్ సంగతి ఇంకా ముఖ్యం. రాజుకు నచ్చలేదని 1540లో ఆరు నెలలకే పెళ్లి రద్దయిన ఆమె, లోకం నోట అనాకారి వధువుగా మిగిలిపోయింది. ఆమె పేరిట ఇక్కడ వినిపించేది డ్రమ్స్, కీబోర్డులు ఒకదాన్నొకటి తరుముకునే పగ్గాల్లేని వాద్యం. హెన్రీ తర్వాత పదేళ్లు బతికిన మనిషి గురించి హెన్రీ ఫిర్యాదునే ఎందుకు నమ్ముతున్నామని ఆ వేగం నిలదీస్తుంది. మాటలుంటే జవాబు కూడా పాటే చెప్పేసేది.

కాలం పొసగలేదనే వాళ్లూ ఉన్నారు: హెన్రీ వంశమైన ట్యూడర్ల మధ్య సింథసైజర్ ఏమిటి, 1536లో తల తెగిన ఆన్ బొలీన్ రచన చివర 1870లో జాన్ ఎలర్టన్ రాసిన ప్రార్థనా గీతం ఏమిటి అని. శైలి ఆ రాణుల చరిత్రకు నప్పకపోవచ్చనీ, ఇది వాళ్ల స్వభావాల మీద తన ఊహ అనీ వేక్‌మన్ ఆల్బమ్ మీదే చెప్పుకున్నారు. పైగా, పొద్దు వాలాక ఇంగ్లండు చర్చిల్లో పాడుకునే ఆ గీతం ఒక ఆఖరి పొద్దును అక్కడి శ్రోతకు వివరణ లేకుండా అందిస్తుంది. దాని చోట పదహారో శతాబ్దపు ల్యూట్ వాద్యం పెడితే పాండిత్యం కనిపించేది, ఆ దుఃఖం చేరేది కాదు. శీర్షిక ఇప్పటికీ వాళ్లను ఒకరి భార్యలుగానే పిలవడం మాత్రం నాకు లోటే. హెన్రీ సింహాసనమెక్కి 500 ఏళ్లయిన 2009లో ఈ రచనలను హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్ ఆవరణలో వాయించారు. జేన్ సీమోర్ ప్రాణం పోయింది ఆ ప్యాలెస్‌లోనే.