మెర్లో వద్దన్నవాడు

‘సైడ్‌వేస్’ (2004) చూసిన చాలామందిలాగే నేనూ కొన్నాళ్లు మెర్లో పేరెత్తితే మొహం తిప్పుకున్నాను. ఓ పార్టీలో గ్లాసు అందిస్తే “మెర్లోనా? వద్దు” అన్నాను కూడా. అప్పటికి ఒక్క గుక్కైనా తాగి ఎరగను. ఆ మాట నాది కాదు, మైల్స్‌ది.

రెక్స్ పికెట్ నవల ఆధారంగా అలెగ్జాండర్ పేన్ తీసిన ఈ సినిమాలో మైల్స్ (పాల్ జియమాటి) ఒక బడిపంతులు. రాసిన నవల అచ్చుకావడం లేదు. స్నేహితుడు జాక్ పెళ్లికి వారం ముందు, అతన్ని వెంటబెట్టుకుని కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా ద్రాక్షతోటలకి బయల్దేరతాడు. వారమంతా ఎక్కువగా ఆ ప్రాంతపు వైన్లే.

అక్కడి కొండల తీరే వేరు. కాలిఫోర్నియా తీరం పొడుగునా కొండలు ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగా సాగితే, ఇక్కడ తూర్పు పడమరలుగా పడుకుని ఉంటాయి. పసిఫిక్ చల్లగాలీ, పొగమంచూ అడ్డు లేకుండా లోయలోకి వచ్చేస్తాయి. పల్చటి తోలుతో ఎండకి ఓర్చుకోలేని పినో న్వార్ ఇక్కడ పండుతోందంటే అందుకే. దారిలో మైల్స్ జాక్‌కి ఇదే చెప్తాడు. తర్వాత గ్లాసు వంచి రంగు చూడటం, వాసన పట్టడం నేర్పిస్తాడు. అంతా శ్రద్ధగా విన్న జాక్ నోట్లో చూయింగ్ గమ్! సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చిన పాఠం అదే.

కానీ మైల్స్‌కి తెలిసినంత, మైల్స్ ఆస్వాదించడు. పినో గురించి మాట్లాడినా చివరికి తన గురించే మాట్లాడుకుంటాడు. మాయా (వర్జీనియా మాడ్సన్) అలా కాదు. వైన్ తాగుతుంటే ఆ ఏడు ఎండ ఎలా కాసిందో, వాన ఎప్పుడు పడిందో, ఆ పళ్లు కోసినవాళ్లెవరో తలుచుకుంటానంటుంది. మా ఊరి తాతలకి ఇది వింత కాదు. పోద్దాటి కల్లో, పండుతాటి కల్లో నాలిక మీద పడగానే చెప్పేవాళ్లు; ఎవరు గీశారో కూడా.

నా పేచీ ఇక్కడే. ఆ నేలని ఎరిగినవాళ్లు మాయా, స్టెఫనీ. ఒకామె రెస్టారెంట్‌లో వడ్డిస్తూ ఉద్యానశాస్త్రం చదువుతోంది, ఇంకొకామె వైనరీలో వైన్ పోస్తుంది. కథ మాత్రం వారం రోజుల చుట్టాల కారు దిగదు. జాక్ మోసం బయటపడ్డాక హెల్మెట్‌తో అతని ముక్కు పగలగొట్టి స్టెఫనీ మాయమైపోతుంది. ఆమె వారం ఎలా గడిచిందో ఎవడిక్కావాలి?

ప్రేక్షకులమూ మాయాని కాదు, మైల్స్‌నే నమ్మాం. అమెరికాలో పినో అమ్మకాలు పెరిగి మెర్లో వెనకబడితే, దానికి ‘సైడ్‌వేస్ ఎఫెక్ట్’ అని పేరే పడింది. అతని మాటలు వినడమే తప్ప చేతిలో సీసా చూడలేదు. ప్రాణంగా దాచుకున్న 1961 నాటి షెవాల్ బ్లాంక్‌ని చివరికి మైల్స్ ఒక ఫాస్ట్‌ఫుడ్ హోటల్లో, బర్గర్ తింటూ, థర్మోకోల్ కప్పులో, ఒక్కడే తాగుతాడు. ఆ ఫ్రెంచి వైన్‌లో ప్రధానంగా ఉండేవి రెండు రకాల ద్రాక్షలు. ఒకటి కాబెర్నే ఫ్రాంక్; దాన్నీ అంతకుముందు చప్పరించి పారేశాడు. రెండోది మెర్లో.