"డ్రాకులా" నవలలో ఉన్మాద చికిత్సాలయము

ఐర్లండు రచయిత బ్రామ్ స్టోకర్ 1897లో ప్రకటించిన "డ్రాకులా" రక్తపిశాచి కథగా లోకప్రసిద్ధము. కాని అందలి ముఖ్య ఘట్టములు పెక్కు జరుగునది పిశాచి కోటలో కాదు. లండనుకు తూర్పున, పర్‌ఫ్లీటులోని ఒక ఉన్మాద చికిత్సాలయములో. దాని అధిపతి డాక్టరు సెవార్డు, 29 ఏండ్ల యువకుడు. డ్రాకులా కొన్న పాత భవనము దాని ప్రక్కనే ఉన్నది.

ఈ చికిత్సాలయపు గోడలను, గదులను స్టోకర్ విపులముగా వర్ణింపలేదు. రోగులలో రెన్‌ఫీల్డు ఒక్కడే స్పష్టముగా కనబడును. మనము చూచునది చాలవరకు వైద్యుని దినచర్య ద్వారానే. ఆ దినచర్యను అతడు 1877లో ఎడిసన్ కనిపెట్టిన ఫోనోగ్రాఫులో మాటలుగా నింపును. రెన్‌ఫీల్డు చక్కెర చల్లి ఈగలను పట్టును. ఈగలను సాలీళ్ళకు, సాలీళ్ళను పిచ్చుకలకు మేపును. పిల్లిపిల్లను ఇమ్మని వేడి, అది దొరకక పిచ్చుకలను తానే తినును. చిన్న పుస్తకములో అంకెలు వేసి లెక్క చూచుకొనును. సెవార్డు అతనిని "జీవభక్షక ఉన్మాది" అని వర్గీకరించును.

శాస్త్రవిషయములలో రచయిత చూపిన శ్రద్ధ మెచ్చదగినది. రెన్‌ఫీల్డు కపాలము పగిలినపుడు మెదడుపై ఒత్తిడి తగ్గించుటకు ఎముకకు రంధ్రము చేయుదురు. స్టోకర్ అన్న థార్న్‌లీ డబ్లిన్‌లో శస్త్రవైద్యుడు. తలగాయములను గూర్చి అతడు తమ్మునికి వివరములు వ్రాసి ఇచ్చెను.

మరి రోగిని చూచిన తీరు ఎట్టిది? లండను సమీపమున హాన్‌వెల్ చికిత్సాలయములో జాన్ కానలీ 1839లోనే రోగులను బంధించు పద్ధతిని మాన్పించెను. అర్ధశతాబ్దము గడచిన పిదప ఈ నవలలో రెన్‌ఫీల్డు చేతులను బిగించు చొక్కాతో, గోడకు గొలుసుతో బంధింపబడును. సెవార్డు అతనికి మత్తుమందు ఇచ్చి పుస్తకము తీసి చదువును. కుతూహలముకొద్దీ అతని ఉన్మాదమును రెచ్చగొట్టితినని తానే ఒప్పుకొనును.

ఒక రాత్రి రెన్‌ఫీల్డు ఎంతో వివేకముతో మాటలాడి, తన్ను వెంటనే అక్కడినుండి పంపివేయుమని ప్రాధేయపడును. ఆ వివేకమును కూడ రోగలక్షణముగానే భావించి వైద్యుడు నిరాకరించును. తరువాత డ్రాకులా ఆ గది కిటికీగుండానే లోపలికి వచ్చును; చివరకు రెన్‌ఫీల్డు ప్రాణము పోవును.

ఉన్మాదమును పిశాచితో ముడివేసి భయము పుట్టించుట ఈ నవలలోని లోపమే. అయినను ఈ ఘట్టము విద్యార్థులకు చదివి వినిపింపదగినది. సెవార్డు రోగి చేష్టలన్నియు నమోదు చేసెను. రోగి చెప్పిన మాటను మాత్రము లెక్కింపలేదు. పరిశీలన అనిపించుకొనుటకు ఆ రెండును కావలెను.