గ్రంథాలయ కవిగోష్ఠి – సమస్యాపూరణము
1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పేరే గ్రంథాలయమునకును భాషకును గల బంధమును దెలుపును. కావున గ్రంథాలయమున నడచు కవిగోష్ఠి కేవల ప్రశంసాస్థానము గారాదు.

అట్టి గోష్ఠులకు సమస్యాపూరణము ప్రియమైన వ్యాసంగము. సమస్యాపాదమునఁ దోఁచు విరుద్ధార్థమును దక్కిన పాదములు సమన్వయింపవలయును. క్రొత్తవారు యతి కుదురుటకై ‘అక్కట’, ‘ఔర’ యను వ్యర్థపదములఁ జొప్పింతురు. సభ్యులు కరతాళములతో దానిని గప్పిపుచ్చుదురు. ఇది దయ గాదు. నేర్వవచ్చినవానికి విద్యను నిరాకరించుటయే. అట్లని దోషమును జూపి నవ్వుటయు ధర్మము గాదు.

1885లో వెలువడిన శబ్దరత్నాకరము గ్రంథాలయపు బీరువాలో నుండును గదా! సందేహము పొడమినంతనే దానిని దెఱచి, కవిచేతనే పదమును సవరింపఁజేయుట నిర్వాహకుని ముఖ్యకృత్యము. అట్లు సవరింపఁబడిన పద్యమొకటి పొగడ్తలందిన పదింటికంటె మేలు.