ప్రేమలేఖయు నిరీక్షణయు

తీరికలేని కాలము ప్రేమలేఖను చంపినదని పలువురు తలంచుచున్నారు. 2013 జూలైలో మన దేశమున తంతివార్తలు నిలిచిపోయినవి. చేతివ్రాత లేఖ అరుదైనది. వ్రాసిన మాట ఆ క్షణముననే ఎదుటివారికి అందుచున్నది. కావున నిదానమే ప్రేమలేఖకు ప్రాణమనియు, తొందర దానికి శత్రువనియు వారి వాదము. ఈ వాదము మన సాహిత్యము నెదుట నిలుచునా యని పరిశీలించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఇందుకు భువనగిరి ప్రాంతముననే ఒక ఆధారము కలదు. 2016లో ఏర్పడిన యాదాద్రి భువనగిరి జిల్లాలోని రాచకొండ పూర్వము రేచర్ల వెలమ ప్రభువుల రాజధాని. ఆ వంశమువాడగు సర్వజ్ఞ సింగభూపాలుడు 14వ శతాబ్దిలో సంస్కృతమున 'రసార్ణవసుధాకరము' అను లక్షణగ్రంథము రచించెను. అందు నాటకసంధులకు తోడ్పడు 21 సంధ్యంతరములను పేర్కొనుచు, దౌత్యమును లేఖమును వేరువేరుగ గణించినాడు.

ఈ భేదము అల్పమైనది కాదు. దూత ఎదుటివారి ముఖభావము కనిపెట్టి మాట సవరించుకొనగలడు. లేఖకు ఆ శక్తి లేదు. అది ఎవరిచేత బడిన వారిదగును. 'విక్రమోర్వశీయము'న ఊర్వశి భూర్జపత్రముపై వ్రాసిన లేఖ విదూషకుని ఏమరుపాటున జారి రాణి చేతికి చిక్కుట ఇందుకు నిదర్శనము. 'శాకుంతలము'న ఇట్లు కాదు. శకుంతల తామరాకుపై గోటితో వ్రాయదలచిన మాటలను, అవి పంపబడకమునుపే, చాటుననున్న దుష్యంతుడు విని బదులు పలుకుచు ముందునకు వచ్చును. అచ్చట లేఖ కలదు, నిరీక్షణ లేదు. నేటి వార్తల రాకపోకలకు ఈ ఘట్టము మిక్కిలి దగ్గర.

ఇక తెలుగున ప్రేమసందేశమనగానే స్ఫురించునది 15వ శతాబ్దివాడగు పోతన భాగవతములోని రుక్మిణి కథ. దానిని ప్రేమలేఖ యనుట వాడుక యైనను, అగ్నిద్యోతనుని నోట కృష్ణునకు వినిపించునది కావున సింగభూపాలుని విభాగమున అది దౌత్యమునకే చేరును. అందు తీరిక యెక్కడిది? శిశుపాలునితో పెండ్లి ముంచుకొనివచ్చినది. పురము వెలుపలి గిరిజాలయమునకు తాను వచ్చు వేళను, తన్ను కొనిపోవలసిన విధమును రుక్మిణి స్పష్టముగ తెలిపినది. ఇంత తొందరలో పలికిన మాటలే తెలుగువారికి తరతరములుగ కంఠస్థములైనవి. కావున తొందర ప్రేమసందేశమునకు శత్రువు కాదు.

మరి రసము ఎచ్చట నున్నది? బ్రాహ్మణుడు వెడలిన పిదప రుక్మిణి పడిన వేదనలో నున్నది. ఆతడు నడుమ దారిలో అలసి నిలిచెనేమో, కృష్ణుడు విని తప్పుగ తలంచెనేమో, దైవము అనుకూలింపదేమో యని ఆమె కలవరపడును. శంక, చింత, ఔత్సుక్యము అను వ్యభిచారిభావములు ఈ ఎడమునందే పుట్టి రతిని పోషించినవి. ఆమె శంకలలో కృష్ణుని మనసు ఒకటి మాత్రమే. దారియు, దూతయు, దైవమును ఆలస్యపు భారమును పంచుకొన్నవి.

నేడు శంక పోలేదు. దాని ఆశ్రయము మారినది. వార్త అందినదనియు, చూడబడినదనియు గుర్తులు తెలుపుచుండగా బదులు రానిచో నెపము మోపుటకు దారి లేదు, దూత లేడు. నెపమంతయు ప్రియుని మనసుపైననే పడును. పాతలేఖ ఇచ్చిన వరము నిదానము కాదు. ఎదుటివారిని నిర్దోషిగ తలంచుట కిచ్చిన అవకాశము.

కావున కథలలో, నవలలలో లేఖలను పరిశీలించు విద్యార్థులు కాగితమును, సిరాను, గడచిన కాలపు తీపిని మాత్రమే చూడరాదు. లేఖ చేయి విడిచిన పిదప బదులు వచ్చువరకు పాత్ర ఎవరిని శంకించినది, ఎవరిని మన్నించినది యని చూడవలెను. ఆ ఎడమును నింపగలిగిన రచయితకు నేటి క్షణవార్తయు రసవస్తువే కాగలదు.