పుట్ట పెట్టిన కూర

మృగశిర వెళ్లి ఆరుద్ర కార్తెలో రెండు మంచి వానలు పడి, మర్నాడు ఉక్కపోస్తే చాలు, మా మేనత్త చీకటితోనే లేచేది. చేతిలో వెదురు బుట్ట, అడుగున నాలుగు మోదుగాకులు. ఆ పొద్దుల్లో ఆమె వెనక నడుస్తూ చూసిన పనితనం నేను మరెక్కడా చూడలేదు.

పుట్టగొడుగు పైకి రాకముందే ఆమెకు కనిపించేది. నేల అర్ధరూపాయంత ఉబ్బి, సన్నగా నెర్రె విచ్చి ఉంటుంది. మనం తొక్కుకుంటూ పోతాం. ఆమె వంగి వేలితో మట్టి తప్పిస్తే కింద బూడిదరంగు మొన! గొడుగు విప్పని మొగ్గకే రుచి. పొద్దెక్కితే విచ్చుకుంటుంది, ఆలస్యమైతే పురుగు పడుతుంది. కాడ మొదలు పట్టి మెల్లగా మెలితిప్పి లాగితే జానెడు వేరు తెగకుండా వచ్చేది. నేను లాగితే సగంలోనే పుటుక్కుమనేది. గునపంతో తవ్వేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. ఒకసారి నాలుగైదు వదిలేసి లేస్తుంటే ఎందుకని అడిగాను. "అన్నీ పీకితే పుట్ట అలుగుతది బిడ్డా" అంది.

ఆ వేరు కింద చెదల తోట ఉంటుంది. నమిలి తెచ్చిన ఆకూ పుల్లతో స్పాంజి లాంటి గూడు కట్టి, దానిమీద బూజు పెంచుకు తింటాయి. ఆ బూజే వానలకు గొడుగై లేస్తుంది. ఈ జాతికి 1942లో రోజర్ హైమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. ఉరుము ఉరిమితేనే లేస్తుందని మా ఊరి నమ్మకం, నాదీనూ.

కూరకు అత్త కత్తి ముట్టనిచ్చేది కాదు. మట్టి గీకి, కడిగి, చేత్తో నిలువునా చీల్చేది. ఉల్లి, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు. చుక్క నీళ్లు పోయకూడదు, ఊరిన నీళ్లలోనే ఉడకాలి. హిమాలయాల్లో మంచు కరిగే వసంతంలో ఏరే గుచ్చి అనే పుట్టగొడుగును మహా పొగుడుతారు. పొగడనీ. నా ఓటు పుట్టకే.

ఇప్పుడు డబ్బాలో వచ్చే బటన్‌కూ, షెడ్డులో గడ్డిమీద పెంచే చిప్పగొడుగుకూ కూడా పుట్టగొడుగనే పేరు. పుట్ట మొహం చూశాయా అవి! అసలు పుట్టలనేమో జేసీబీతో పెకలిస్తున్నారు, మిగిలినవాటిలో చెదల మందు పోస్తున్నారు. ఇంకా కడుపు మండేది, ఫోన్లో బొమ్మ చూసి తెల్లగా ఉన్నదల్లా కోసుకొచ్చేవాళ్లను చూస్తే. కూరలో వేసిన వెండి నల్లబడకపోతే మంచిదేననడం ఒట్టి మాట. ప్రాణం తీసే అమానిటా జాతి గొడుగుల విషం ఉడికించినా పోదు, తిన్న ఆరు గంటల దాకా బయటపడకపోవచ్చు. కాడ అడుగున సంచి లాంటి తొడుగుంటే మా అత్త ముట్టేదే కాదు. ఏ కాస్త అనుమానమున్నా కుక్కగొడుగని వదిలేసేది. ఇంటికొచ్చాక కూడా ఒక్కొక్కటీ తిరగేసి చూసేది.

గట్టుమీద పుట్ట ఉన్న రైతులకు చేతులెత్తి మొక్కుతున్నాను, ఆ నాలుగు గజాలూ దున్నకండి. మీ ఊళ్లో ఏ ముసలమ్మైనా బుట్ట పట్టుకు బయల్దేరితే, ఒకపూట బడి మానిపించైనా పిల్లల్ని వెంట పంపండి.