అభ్యాసం నుంచి ప్రావీణ్యానికి: కళాపూర్ణోదయ నారదుడు, ఆళ్లగడ్డ శిల్పి

ఒక విద్యలో గడిపిన కాలమే ఆ విద్యలోని ప్రావీణ్యానికి ప్రమాణమా? కావ్యహేతువులను చర్చించిన ఆలంకారికులకు ఇది పాత ప్రశ్నే. మమ్మటుడు కావ్యప్రకాశంలో శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి ఒకే హేతువన్నాడు. అందులోనూ అభ్యాసమంటే కావ్యజ్ఞుల శిక్షణలో జరిగేదని నియమించాడు. కేవల పునరావృత్తి అభ్యాసం కాదు. తెలిసినవారు దిద్దిన పునరావృత్తే అభ్యాసం. 16వ శతాబ్దంలో పింగళి సూరన నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన కళాపూర్ణోదయం ఈ భేదాన్ని మరొక అడుగు ముందుకు తీసుకుపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదన.

తుంబురునిపై మాత్సర్యంతో నారదుడు గానం నేర్వబూనడం సూరన కల్పన కాదు. అద్భుతరామాయణంలో నారదుడు గానబంధువనే గుడ్లగూబ వద్ద చిరకాలం సాధన చేసి, తుంబురుని జయించగలనని అతని ఇంటికి వెళ్తాడు. అక్కడ అంగవికలులైన స్త్రీపురుషులు కనబడతారు. వారు నారదుని గానం వల్ల గాయపడిన రాగాలు. గురువూ ఉన్నాడు, సాధనా ఉంది. అయినా తన కొరత తనకు వినిపించలేదు.

సూరన ఈ చివరి చిక్కునే పట్టుకున్నాడు. ద్వారకలో నారదుడు జాంబవతి, సత్యభామ, రుక్మిణుల వద్ద వరుసగా శిక్షణ పొందుతాడు. వారి మెప్పును మాత్రం వెంటనే నమ్మడు. కలభాషిణికి కోరిన రూపం దాల్చే శక్తినిచ్చి, తన పరోక్షంలో ఏమనుకుంటున్నారో తెలుసుకొని రమ్మంటాడు. ఎదుట పలికిన ప్రశంస మర్యాద కావచ్చు; పరోక్షంలో వెలువడినదే మూల్యాంకనం. తరువాతి కథలో కలభాషిణి రంభారూపం దాల్చడానికి ఈ వరమే ఆధారం. కనుక ఈ ఘట్టాన్ని అలంకారప్రాయమైన ఉపకథగా తీసివేయలేం.

నారదుని వంటి గాయకునికి ఈ ఏర్పాటు ఎందుకు అవసరమైందో అదే నంద్యాల సీమలోని ఆళ్లగడ్డ రాతిశిల్పంతో పోల్చితే తేటపడుతుంది. పాడిన స్వరం గాలిలో కలిసిపోతుంది; ఉలి దెబ్బకు లేచిన పెచ్చు తిరిగి అతకదు. విగ్రహం తాళమానానికి సరిపోయిందో లేదో మరొకరు కొలిచి చూడవచ్చు. రాయి తప్పును దాచదు. అయితే కొలతలన్నీ కుదిరిన విగ్రహంలోనూ ముఖకళ తప్పవచ్చు. అక్కడ శిల్పికీ నారదునికి వలెనే మరొక తెలిసిన కన్ను కావాలి.

ఒక పరిమితిని గుర్తించాలి. నారదుని కొలమానం తుంబురుడే. ప్రావీణ్యం సిద్ధించినంత మాత్రాన మాత్సర్యం నశించిందని కావ్యం చెప్పదు. విద్యాసామర్థ్యాన్నీ చిత్తసంస్కారాన్నీ సూరన ఒకటిగా చూడలేదు.

సాహిత్య పరిశోధనలో సేవాకాలాన్నీ ప్రచురణల సంఖ్యనూ ప్రావీణ్యంగా గ్రహించే అలవాటు బలపడుతున్నది. అనుభవం ప్రావీణ్యానికి ముడిసరుకు మాత్రమే. దానిని దిద్దే గురువుతోపాటు, పేరు దాచుకొని నిజం చెప్పే పరిశీలకుడూ అవసరమని సూరన కథ సూచిస్తున్నది. కలభాషిణి మారువేషానికి విమర్శలో ఉన్న విలువ ఇదే.