హారం తెలిసిన లెక్క

సోరియాసిస్ ఉన్నవాళ్లలో ఎంతమందికి కీళ్లు కూడా పట్టేస్తాయి? పెద్దాసుపత్రుల చర్మవ్యాధుల విభాగాల్లో చూస్తే నూటికి ముప్పై మంది దాకా తేలుతున్నారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఓమ్‌స్టెడ్ కౌంటీలో మాత్రం, సోరియాసిస్ కొత్తగా బయటపడిన 1,593 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, ఇరవై ఏళ్లు గడిచాక కూడా ఆ సంఖ్య నూటికి 5.1 దగ్గరే ఆగింది. ఆసుపత్రి లెక్కలో అబద్ధం లేదు. అక్కడికి బాధ ముదిరినవాళ్లే వస్తారు, అంతే. మోచేతి మీద రూపాయి బిళ్లంత పొలుసుకి ఎవరో ఒక డాక్టరు దగ్గర మలాం రాయించుకుని పనికి పోయేవాడు అక్కడ కనిపించడు. అతన్ని కూడా హారంలో చేర్చడమే 2009లో వెలువడిన ఓమ్‌స్టెడ్ అధ్యయనాల గొప్పతనం.

ఆ పని వెనక వందేళ్ల ముందుచూపు ఉంది. 1907లో అక్కడి మేయో క్లినిక్‌లో హెన్రీ ప్లమ్మర్ అనే డాక్టరు ఒక మనిషికి ఒకే నంబరు, ఒకే ఫైలు అనే పద్ధతి పెట్టాడు. 1966లో లెనార్డ్ కర్లండ్ ఆ కౌంటీలోని మిగతా వైద్యశాలల రికార్డులనూ దానితో కలిపాడు. సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాతాన్ని, అంటే సోరియాటిక్ ఆర్థరైటిస్‌ని, లెక్కపెట్టడానికి ఇది ప్రాణంలాంటిది. చాలామందిలో ముందు చర్మం మీద మచ్చలు వస్తాయి. ఏళ్లు గడిచాక కీళ్లు వాస్తాయి. చర్మం డాక్టరు రాసింది కీళ్ల డాక్టరు చూడకపోతే ఇది మామూలు కీళ్లవాతంగానో, వయసు నొప్పిగానో చెలామణి అయిపోతుంది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది కొలబద్ద విషయంలో ఓమ్‌స్టెడ్ పరిశోధకుల పట్టుదల. 1970 నాటి డాక్టర్లు ఈ జబ్బును ఒకలా గుర్తించారు, 1995 నాటివాళ్లు ఇంకోలా. అందుకే ఫైలు మీది జబ్బు పేరును నమ్మి ఊరుకోలేదు. లోపలి రాతలు చదివి, 2006లో వచ్చిన కాస్పార్ ప్రమాణాలను ముప్పై ఏళ్ల రికార్డులకూ ఒకేలా వర్తింపజేశారు. కీలు, వెన్ను లేదా స్నాయువు ఎముకకు అతుక్కునే చోట వాపు ఉండాలి. దానికి తోడు ఇప్పటి సోరియాసిస్‌కి రెండు పాయింట్లు. గోళ్లు పాడవడం, వేలు మొత్తం వాచిపోవడం, రుమటాయిడ్ ఫ్యాక్టర్ పరీక్షలో ఏమీ లేకపోవడం లాంటివాటికి ఒక్కొక్కటి. మూడు వస్తేనే లెక్కలోకి.

ఇంత జల్లెడ పట్టాక ముప్పై ఏళ్లలో కౌంటీ మొత్తం మీద మిగిలింది 147 మంది. 1970ల్లో ఏటా లక్షకు 3.6 కొత్త కేసులుంటే, 1990ల్లో 9.8. సంచలనం చేయదలిస్తే ఈ రెండు అంకెలు చాలు. వాళ్లు ఆ పని చేయలేదు. జబ్బే పెరిగిందో, డాక్టర్లు గుర్తుపట్టడం పెరిగిందో తేల్చలేమని నిక్కచ్చిగా రాశారు. ఆ ఒక్క మాటకే ఆ పత్రాన్ని నెత్తిన పెట్టుకోవచ్చు.

మరి కీళ్ల దాకా పోయేది ఎవరికి? తలలో పొలుసులున్నవాళ్లకి, పిరుదుల మధ్య మచ్చలున్నవాళ్లకి, గోళ్లు దెబ్బతిన్నవాళ్లకి ఎక్కువని వాళ్లు చూపించారు. గోరు సంగతి దగ్గరగా చూడాలి. సూదితో పొడిచినట్టు గోటి మీద చిన్న గుంటలు పడతాయి. ఒక్కోసారి గోరు కింది నుంచి లేచిపోతుంది. గోటి మొదలు, వేలి చివరి కీలు పక్కపక్కనే ఉంటాయి. వేలిని చాచే స్నాయువు పోగులు గోటి మొదలు దాకా అల్లుకుని ఉంటాయి. అందుకే ఒకచోటి మంట రెండోచోటికి పాకడం వింతేమీ కాదు.

డాక్టరు గడప ఎన్నడూ తొక్కనివాళ్లు ఓమ్‌స్టెడ్ పద్ధతికీ అందరు. దానికి మన దేశంలోనే జవాబుంది. 1996లో పుణె జిల్లా భిగ్వాన్‌లో డాక్టర్ అరవింద్ చోప్రా బృందం ఇంటింటికీ తిరిగి 4,092 మంది పెద్దవాళ్లను పలకరించింది. మనిషి బొమ్మ మీద నొప్పి ఉన్నచోటు గుర్తు పెట్టించుకుంది. 746 మందికి కండరాలు, కీళ్ల బాధలు తేలాయి. కానీ లక్షల్లో లెక్కించాల్సిన సోరియాటిక్ ఆర్థరైటిస్‌కి ఒక్క ఊరు చాలదు. జిల్లా కావాలి.

మన జగిత్యాల జిల్లా సారంగాపూర్, కోరుట్ల వైపు అలాంటి లెక్క మరీ అవసరం. బీడీలు చుట్టే ఆడవాళ్ల వేలు వాస్తే "పని చేసీ చేసీ వచ్చింది" అంటారు. సిరిసిల్ల మరమగ్గం కార్మికుడి మడమ నొప్పీ అంతే, నిలబడి నిలబడి వచ్చిందంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ కొన్నిసార్లు కాదు. మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటే డాక్టరు చీటీలు మూడు దేశాల్లో ఉంటాయి, ఒక్క ఫైలుగా కుట్టేవాళ్లుండరు. అయినా ఇంటింటి లెక్క మనకు కొత్తేమీ కాదు. 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో హెల్త్ ప్రొఫైల్ కోసం సిబ్బంది గడపగడపకూ వెళ్లారు. అలాంటి ఫారంలో లీడ్స్‌కు చెందిన ఫిలిప్ హెలివెల్ బృందం తయారుచేసిన ఐదు ప్రశ్నలు ఇమిడిపోతాయి: కీలు ఎప్పుడైనా వాచిందా, కీళ్లజబ్బని డాక్టరు ఎప్పుడైనా అన్నాడా, గోళ్లలో గుంటలున్నాయా, మడమ నొప్పి ఉందా, కారణం లేకుండా వేలు మొత్తం వాచి నొప్పి పెట్టిందా. సోరియాసిస్ ఉన్నవాళ్లను అడగడానికి చేసిన ప్రశ్నలివి. మూడింటికి అవునంటే కీళ్లవాత నిపుణుడికి చూపించాలి. ఆ నిపుణులు ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి, ఫారం నింపే రోజే జగిత్యాలలో నెలకోసారైనా వాళ్లు కూర్చునే ఏర్పాటు కూడా జరగాలి. భిగ్వాన్ బృందం లెక్క రాసుకుని వెళ్లిపోలేదు, ఏళ్ల తరబడి అక్కడికే వచ్చి ఆ రోగులను చూసింది.